దిగులు నవలలు పిల్లలకు వద్దంటారా?

ఈ మధ్య మా కందుకూరులో ఒక జూనియర్ కళాశాలవాళ్ళు వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం పెట్టించారు. వచ్చినాయన మంచి మాటకారట. చివర్లో పిల్లలకు తలా ఒక కాగితం పంచారు. పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వండి, ‘నా వల్ల కాదు’ అన్న మాట నోట రానివ్వకండి, గొప్ప కలలు కనండి, ఇలా సాగుతుంది ఆ కాగితం. ఒక వాక్యం దగ్గర మాత్రం నా చూపు ఆగిపోయింది. మనసును కుంగదీసే కథలూ నవలలూ చదవకండి, గెలిచినవాళ్ళ కథలే చదవండి అని ఉంది.

కాగితం తెచ్చి చూపించింది మా పక్కింటి అమ్మాయి. ఇంటర్ రెండో సంవత్సరం. అప్పటికే నా దగ్గర నుంచి ‘అసమర్థుని జీవయాత్ర’ పట్టుకెళ్ళి సగం చదివింది. “పిన్నీ, ఇది పూర్తి చెయ్యనా, ఆపెయ్యనా?” అని అడిగింది. వాళ్ళ నాన్న అట్ట వెనక రాసింది చూసి కంగారుపడ్డాడు. “పరీక్షల ముందు ఇలాంటివి ఎందుకక్కా, మనసు పాడవుతుందేమో” అన్నాడు. ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పిల్లల మీద ఇప్పుడున్న ఒత్తిడిని రోజూ బడిలో చూస్తున్నదాన్ని. అయినా పూర్తి చెయ్యమనే చెప్పాను. కారణం గుమ్మంలో నిలబడి చెప్పేటంత చిన్నది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆశావాదం అంటే ఏమిటో గోపీచంద్ రాసిన ఆ చీకటి నవల నేర్పినంత బాగా నేర్పే తెలుగు నవల ఇంకొకటి నాకు కనిపించలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

‘ఎందుకు’ అని అడిగే మనిషి

కథ చెప్పను. చదివినవాళ్ళకు తెలుసు, చదవనివాళ్ళు చదువుకోవాలి. నేను ఎప్పుడూ ఆలోచించేది ఆ నవల అంకితం గురించి. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ ఆ పుస్తకాన్ని తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు. హేతువాది అయిన తండ్రికి కొడుకు ఇవ్వగలిగిన గొప్ప గౌరవం అది. విచిత్రం చూడండి, లోపల కథానాయకుడు సీతారామారావు కూడా ‘ఎందుకు’ అనే అడుగుతుంటాడు. నవల పొడుగునా అడుగుతూనే ఉంటాడు. ఈ మనిషి ఇలా ఎందుకు ప్రవర్తించాడు, నేను ఇలా ఎందుకు అయ్యాను, లోకం ఇలా ఎందుకు ఉంది? ప్రశ్నకు లోటు లేదు. తెలివికీ లోటు లేదు. అతను కూలిపోయింది తనకు తాను చెప్పుకున్న జవాబుల వల్ల.

ఆ జవాబులను కాస్త దగ్గరగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఎవరో ఒకరు చేసిన చిన్న అవమానం అతని చేతిలో పడిందంటే అది మానవజాతి మీద తీర్పు అయిపోతుంది. ఒక పూట చికాకు జీవితమంతటికీ సిద్ధాంతం అవుతుంది. ఇంట్లో మొదలైన మాట లోకం పోకడ దాకా వెళ్ళి ఆగుతుంది. చదువుతుంటే మనకు అతని తర్కంలో తప్పు ఎక్కడుందో వెంటనే దొరకదు. ప్రతి మెట్టూ సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. మెట్లన్నీ కిందికే దిగుతుంటాయి.

1940లలో వచ్చిన నవల ఇది. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, 1978లో, లిన్ ఏబ్రమ్సన్, మార్టిన్ సెలిగ్మన్, జాన్ టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు ఒక పరిశోధన వ్యాసం రాశారు. కష్టం వచ్చినప్పుడు మనిషి దానికి చెప్పుకునే కారణాన్ని మూడు కొలతలతో చూడమన్నారు. ఇది నా వల్ల జరిగిందా, బయటి కారణం వల్లా? ఎప్పటికీ ఇంతేనా, ఈ ఒక్కసారికేనా? జీవితమంతటా ఇంతేనా, ఈ ఒక్క విషయంలోనేనా? నా వల్లే, ఎప్పటికీ, అన్నిటా అనుకునేవాడు కుంగిపోయే ప్రమాదం ఎక్కువ. ఇదే ఆలోచనను పెంచి సెలిగ్మన్ తర్వాత ఆశావాదం నేర్చుకోదగిన విద్య అని వాదించారు. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మనిషి బలాలనూ సంతోషాన్నీ పరిశీలించే పాజిటివ్ సైకాలజీ అనే శాఖకు ఊపు తెచ్చింది కూడా ఆయనే. మా ఊరి కళాశాలలో పంచిన కాగితానికి మూలం ఎక్కడో అక్కడుంది, మధ్యలో చాలా చేతులు మారి వచ్చినప్పటికీ.

రెండో కొలతా మూడో కొలతా సీతారామారావుకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. మొదటి కొలత దగ్గరే నాకు చిక్కు. అతను తనను తాను నిందించుకునే మనిషిగా కనిపించడు. తప్పు ఎప్పుడూ ఎదుటివాడిది. లోకానిది. భార్య ఇందిరది. శాస్త్రం లెక్క ప్రకారం తప్పును బయటికి నెట్టేవాడు కాస్త తేరుకోవాలి కదా? అతను తేరుకోలేదు. కొన్నాళ్ళు ఈ చిక్కు నన్ను వదల్లేదు. మళ్ళీ చదివినప్పుడు నాకు తోచింది ఇది: బయటికి అతను లోకం మీద కేసు వేస్తాడు, లోపల ఆ కేసు తన మీదే నడుస్తుంటుంది. తండ్రి పోతూ పోతూ వంశ ప్రతిష్ఠను అతని చేతిలో పెట్టి పోయాడు. ఆ ప్రతిష్ఠ ముందు తాను చాలనన్న సంగతి అతనికి తెలుసు. అది ఒప్పుకోలేక ఊరందరినీ బోనులో నిలబెట్టాడు. చివరికి శ్మశానంలో అతను తలపడింది తనతోనే కదా. పరనింద వెనక ఆత్మనింద దాక్కుని ఉండగలదని మూడు కొలతల లెక్కలో అంత తేలిగ్గా కనిపించదు. నవలలో కనిపిస్తుంది. సెలిగ్మన్ కూడా తప్పులన్నీ ఇతరుల మీదికి నెట్టడం నేర్పడానికి తాను సిద్ధంగా లేనని రాశారు. బాధ్యత వదులుకుంటే ఆశావాదం అవదని ఆయనకూ తెలుసు.

అందుకే ఆ పుస్తకం పిల్లలు చదవాలంటాను. అద్దంలో నవ్వమని చెప్పే కాగితం పిల్లలకు తమ ఆలోచన ఎలా జారుతుందో చూపించదు. ఈ నవల మెట్టు మెట్టుగా చూపిస్తుంది. నా పదో తరగతి పిల్లలకు ఆ నవలలోని కొన్ని పేజీలు చదివి వినిపించి, సీతారామారావు ఎక్కడ ‘ఒకడు’ నుంచి ‘అందరూ’కు దూకాడో పట్టుకోమన్నాను. పట్టుకున్నారు. వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు లేచి, “టీచర్, లెక్కల్లో ఒక యూనిట్ టెస్టు పోతే నేనూ ఇలాగే నాకు చదువే రాదనుకున్నాను” అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అద్దం ముందు ఎన్ని రోజులు నిలబెడితే ఆ కుర్రవాడికి ఆ సంగతి తెలిసేది?

నేర్చుకునేది నిస్సహాయతనా, పట్టునా?

సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగం మనస్తత్వశాస్త్రం చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. తప్పించుకునే దారి లేని విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి ఉన్న చోట కూడా లేవకుండా పడుకుండిపోయాయి. నిస్సహాయత నేర్చుకున్న గుణం అన్నారు. దాని మీద ఎన్ని ఉపన్యాసాలు పుట్టాయో లెక్కలేదు. అంతగా బయటికి రానిది ఇంకొకటి ఉంది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మళ్ళీ కలిసి రాస్తూ తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. మెదడు మీద ఈలోగా జరిగిన పరిశోధనలు చూశాక వాళ్ళు చెప్పింది ఏమిటంటే, చాలాసేపు కష్టం మీద కష్టం వస్తే ముడుచుకుపోవడం ప్రాణికి పుట్టుకతో వచ్చే స్పందన. దాన్ని ఎవరూ నేర్చుకోనక్కరలేదు. నేర్చుకునేది దానికి ఎదురుది: ఇది నా చేతిలో ఉంది, నేను చేస్తే మారుతుంది అన్న అనుభవం. ఆ అనుభవం ఒకసారి కలిగితే ముడుచుకుపోయే స్పందనను మెదడు ఆపగలుగుతుంది.

కుంగిపోవడం పిరికితనం కాదు, అది శరీరం మామూలుగా చేసే పనే అని ఒప్పుకున్న శాస్త్రం ఇది. ఆశ మాటలతో ఎక్కించేది కాదని కూడా దీని నుంచే నాకు అర్థమవుతోంది. ఏదో ఒక పని, ఎంత చిన్నదైనా, మనిషి చేతికి పట్టు దొరకాలి. ఆ తర్వాతే ఆశ.

నోబిడ్ బేలు

నాకు ఈ సంగతి పుస్తకాల కన్నా ముందు మా మేనమామ ఇంట్లో తెలిసింది. మా పుట్టింటివైపు అందరూ కొండపి చుట్టుపక్కల పొగాకు రైతులే. 2015లో ధర పడిపోయిన సంగతి మా జిల్లా వాళ్ళకు గుర్తు చేయనక్కరలేదు. వేలం కేంద్రంలో వరుసగా బేళ్ళు, అంటే పొగాకు మూటలు, పేర్చి ఉంటాయి, కొనేవాళ్ళు నడుచుకుంటూ పోతారు, మన బేలు దగ్గర ఎవరూ పాడకపోతే నోబిడ్. ఆ బేలును మళ్ళీ బండిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి. తీసుకెళ్ళేటప్పుడు కిరాయి, తెచ్చుకునేటప్పుడు కిరాయి.

ఆ వేసవిలో నేను ఊళ్ళో ఉన్నాను. నోబిడ్ అయి వచ్చిన బేలును మామయ్య తెల్లవారుజామునే వరండాలో విప్పాడు. గాలిలో తేమకు అప్పుడు ఆకు కాస్త మెత్తగా ఉంటుంది. ఎండెక్కితే పెళుసు తిరిగి చేతిలోనే పొడి అవుతుంది. గోనె పట్టా తీసి, ఆకులను ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. నిమ్మపండు రంగువి ఒకవైపు, ఎర్రగా కాలినవి ఒకవైపు, మచ్చ పడ్డవి ఇంకోవైపు. ఈనె దగ్గర పచ్చదనం మిగిలిన ఆకును వేలితో రాసి వాసన చూసి పక్కన పారేశాడు. అత్తయ్య ఎదురుగా కూర్చుని అదే పని చేస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. మధ్య మధ్య మామయ్య ఎవరినో తిడుతున్నాడు. వ్యాపారులనో, పొగాకు బోర్డునో, ప్రభుత్వాన్నో, అందరినీనో.

“ఇంత చేస్తే ఈసారి కొంటారా మామయ్యా?” అన్నాను.

“కొంటారో కొనరో వాళ్ళ ఇష్టం. కలగలుపు ఆకని పక్కన పెట్టారు కదా. ఆ మాట మాత్రం రెండోసారి అననివ్వను” అన్నాడు.

ఆ మనిషిని ఏ పరీక్ష పెట్టి కొలిచినా ఆశావాది అని రాదు. ముఖంలో నవ్వు లేదు, నోట్లో మంచి మాట లేదు. ధర ఎవరి చేతిలో ఉందో ఆయనకు స్పష్టంగా తెలుసు, దాని మీద కోపం ఉంది, ఆ కోపం న్యాయమైనదే. తన చేతిలో ఉన్నది ఆకు. ఆ రెండిటినీ ఆయన కలిపేసుకోలేదు. ‘ఎప్పటికీ, అన్నిటా’ అన్న మాట రానివ్వకుండా ఆయనను నిలబెట్టింది ఆ వరండాలో పని.

ఇక్కడే నాకు ఒక సందేహం కూడా ఉంది, దాచను. ఆ బేలు తర్వాత అమ్ముడుపోయింది, చెప్పుకోదగ్గ ధరకేమీ కాదు. ఆ ఏడాది అప్పు తీరలేదు. అదే ఏడాది ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళు ఆకును సరిగ్గా వేరు చేయలేదా? వాళ్ళ ఆలోచనా విధానం తప్పా? ఆ మాట అనడానికి ఎవరికైనా నోరు ఎలా వస్తుంది? ధర, అప్పు, వడ్డీ అనే నిజమైన గోడలను వదిలేసి, గోడ ముందు నిలబడ్డవాడికి దృక్పథం మార్చుకోమని చెప్పడం నాకు క్రూరంగా తోస్తుంది. పాజిటివ్ సైకాలజీ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే, అది న్యాయమైన ఫిర్యాదే. అమెరికాలో బార్బరా ఎరెన్‌రైక్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఉల్లాసంగా ఉండమని పెట్టిన ఒత్తిడి మీద మండిపడి 2009లో ఒక పుస్తకమే రాశారు. జబ్బు నయం కాకపోతే సరిగ్గా నవ్వలేదన్న నింద కూడా రోగి మీదే పడుతుందన్నది ఆమె బాధ. క్యాన్సర్ బదులు పొగాకు ధర పెట్టుకుని చదివితే మా జిల్లాకూ సరిపోతుంది.

కాబట్టి నేను అంటున్నది మామయ్యలా ఉంటే గట్టెక్కుతారని కాదు. గట్టెక్కడం వేరు, కుంగకుండా నిలబడటం వేరు. మొదటిదానికి ధర కావాలి, గిట్టుబాటు కావాలి, పోరాడే సంఘం కావాలి. నవలగానీ మనస్తత్వశాస్త్రంగానీ ఆ పని చేయలేవు.

ఆశ ముంచిన ఏళ్ళు

ఇంకో వైపు కూడా చూడాలి. మా ప్రాంతంలో దిగులు ఎంతమందిని ముంచిందో ఆశ కూడా అంతమందిని ముంచింది. ఒక ఏడాది పొగాకుకు మంచి ధర పలికితే మరుసటి ఏడాది చూడండి, పొలం కౌలు పెరుగుతుంది, ఆకు కాల్చే బ్యారన్ కౌలు పెరుగుతుంది, బోర్డు అనుమతించిన దానికి మించి నాటుతారు. అందరూ ఆశపడతారు కాబట్టి సరుకు ఎక్కువై ధర పడుతుంది. 2025లో నల్లబర్లీ రకం పొగాకు సాగు చేసినవాళ్ళ గతి అదే అయింది. కొంటారన్న భరోసాతో వేసిన పంట ఇళ్ళలోనూ కల్లాల్లోనూ పేరుకుపోతే చివరికి సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. నెల్లూరు వైపు రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళను అడిగితే ఇంకో రకంగా ఇదే కథ చెబుతారు. గొప్ప కలలు కనండి అన్న సలహాకు ఇక్కడ కొదవ ఎప్పుడు ఉంది?

ఆశావాదానికి పెద్ద ప్రచారకుడైన సెలిగ్మన్ కూడా ఈ హెచ్చరిక చేశారు. ఓడితే నష్టం చిన్నదైన చోట ఆశ పెట్టుకోవచ్చు. ఓడితే కోలుకోలేని చోట ఆశావాదం పనికిరాదు, అక్కడ జాగ్రత్త కావాలి అన్నారు. విమానం రెక్కల మీద మంచు ఉందేమో ఇంకోసారి చూడాలా అని ఆలోచించే పైలట్‌కు నిరాశావాదమే మేలు. జర్మన్ శాస్త్రవేత్త గాబ్రియేలే ఓటింగెన్ పరిశోధన ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. చదువు పూర్తవుతున్న విద్యార్థుల్లో మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచుగా ఊహించుకున్నవాళ్ళకు రెండేళ్ళ తర్వాత చూస్తే వచ్చిన అవకాశాలు తక్కువ, జీతాలూ తక్కువ. కల కంటున్నప్పుడే గెలిచిన తృప్తి కొంత తీరిపోతుందని, పనికి కావలసిన కసి తగ్గుతుందని ఆమె వివరణ. అడ్డంకిని కూడా కళ్ళ ముందు పెట్టుకుని ఊహించుకున్నవాళ్ళే మెరుగని ఆమె చెబుతారు. కళాశాల కాగితంలో ఇది లేదు. ఉండాల్సింది.

అడ్డంకిని కళ్ళ ముందు పెట్టడం అంటే మంచి నవల చేసే పని అదే కదా?

గెలిచినవాళ్ళు ఏం రాశారు?

గెలుపు కథల మీద నాకు చిన్నచూపు లేదు. 1980లలో అద్దె పుస్తకాల దుకాణాల నుంచి తెచ్చుకుని యండమూరి వీరేంద్రనాథ్ నవలలు చదివి ధైర్యం తెచ్చుకున్న తరం మాది. పట్టుదల ఉంటే పైకి రావచ్చని ఇంట్లో ఎవరూ చెప్పనివాళ్ళకు ఆ నవలలు చెప్పాయి. ఆయనే తర్వాత ‘విజయానికి ఐదు మెట్లు’ రాస్తే అదీ ఇంటింటికీ చేరింది. ఎందరికో మేలు చేసింది. ఆ మేలును కాదనను. నేను వద్దంటున్నది ‘అవే చదవండి’ అన్న మాటను.

ఆ మాట ఎంత బలహీనమో చూపడానికి మా నెల్లూరులో కొన్నాళ్ళు పనిచేసిన ఒక మనిషినే తీసుకుంటాను. రావూరి భరద్వాజ. పేదరికం వల్ల చదువు బడిలోనే ఆగిపోయింది. పొలాల్లో, ప్రెస్సుల్లో దొరికిన పని చేశారు. 1946లో నెల్లూరు వచ్చి ‘జమీన్ రైతు’ పత్రికలో చేరారు. ఆ తర్వాత మద్రాసు, ఆపైన హైదరాబాదు ఆకాశవాణి. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం. వక్తలు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి గెలుపు కథ దొరకదు.

మరి అంత గెలిచిన మనిషి ఏం రాశారు? ‘జీవన సమరం’లో ఆయన రాసింది రోజు గడవడానికి కష్టపడే మామూలు మనుషుల గురించి. వాళ్ళలో ఎవరూ పెద్దగా గెలవరు. ‘పాకుడురాళ్ళు’ నవల చూడండి. ఎక్కడో నాటకాల్లో వేషాలు వేసుకునే మంజరి సినిమా తార అవుతుంది. కాగితం వాళ్ళ లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు విజయగాథ. చదివిన ఎవరైనా దాన్ని విజయగాథ అంటారా? ఎక్కిన ప్రతి మెట్టుకూ ఆమె ఏం చెల్లించిందో రాశారు ఆయన. కిందనుంచి పైకి వచ్చినవాడు గెలుపును పొగుడుతూ రాయలేదు, దాని ఖరీదు రాశారు. కింద మిగిలిపోయినవాళ్ళ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఒక ఓడిన మనిషి జీవితాన్ని వంద పేజీల శ్రద్ధతో చూడటంలో, ఇతను చూడదగినవాడు అన్న నమ్మకం ఉంది. నవలాకారుడి ఆశావాదం నాకు అక్కడ కనిపిస్తుంది. ముగింపులో పెళ్ళి జరిగిందా, చావు జరిగిందా అన్నది దానికి కొలమానం కాదు.

రామయ్య తాత మాట

‘అసమర్థుని జీవయాత్ర’లో కూడా ఆశ మాట్లాడే మనిషి ఒకడున్నాడు, రామయ్య తాత. పల్లెటూరి మనిషి. మట్టితో, పంటతో, పశువులతో కలిసి బతికినవాడు. ప్రకృతి నుంచి, తోటి మనుషుల నుంచి తెగిపోకుండా బతకడం గురించి అతను చెప్పే మాటలు ఏ పాజిటివ్ సైకాలజీ పుస్తకంలో పెట్టినా నిలబడతాయి. ఆ శాఖను నిలబెట్టినవాళ్ళలో ఒకరైన క్రిస్టఫర్ పీటర్సన్, ఇన్నేళ్ళ పరిశోధన సారం ఏమిటని అడిగితే సాటి మనుషులు ముఖ్యం అని చెప్పేవారు. రామయ్య తాత బతుకు అంతా ఆ మాటే.

అయినా ఆ మాట సీతారామారావును కాపాడలేదు. గోపీచంద్ నిజాయితీ అంతా ఇక్కడే ఉంది. ఆయన తలచుకుంటే తాత బోధతో కథానాయకుడి కళ్ళు తెరిపించి, భార్య పక్కన నిలబెట్టి నవల ముగించవచ్చు. పాఠకులు సంతోషించేవాళ్ళు. మంచి మాట అందుబాటులో ఉన్నంత మాత్రాన మనిషి మారడని ఆయనకు తెలుసు. ఉపన్యాసం విన్నంత మాత్రాన మారిపోతారని నమ్మే మన కాలానికి ఆ సంగతి ఎవరైనా చెప్పాలి. సీతారామారావు నిండిన ఇంట్లో పుట్టి, ఇవ్వడం మాత్రమే గౌరవం అని నేర్చుకున్నాడని నాకనిపిస్తుంది. చెయ్యి చాపి తీసుకోవడం, అది ధాన్యమైనా సలహా అయినా, అతని వంశ ప్రతిష్ఠలో లేదు. చెప్పేవాడు పక్కనే ఉన్నా వినే దారి మూసుకుపోయింది.

పక్కింటి అమ్మాయి నాన్న భయం గురించి ఒక్క మాట. ఇప్పటికే బాగా కుంగి ఉన్న పిల్లకు ఈ నవల ఇవ్వమని నేను చెప్పను. నిద్ర పట్టక, తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటున్న పిల్లలకు కావలసింది డాక్టరు. మానసిక సమస్యలకు సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఆ నంబరు కాగితంలో అచ్చు వేయించి ఉంటే అద్దం సలహా కన్నా ఎక్కువ ఉపయోగపడేది. ఈ మాట ఆ కళాశాలవాళ్ళకు చెప్పి పంపాను. మిగతా పిల్లలకు మాత్రం, అంటే అప్పుడప్పుడు దిగులుపడి, అప్పుడప్పుడు నవ్వే మామూలు పిల్లలకు, చీకటి నవల చదివితే చీకటి అంటుకోదు. ఇంకొకడి పతనాన్ని దూరం నుంచి చూసే వీలు వాళ్ళకు వయసులో ఉన్నప్పుడే దొరుకుతుంది.

ఈ వాదనంతా మా బడిలో లెక్కల టీచరుతో పంచుకుంటే ఆవిడ వేరే ప్రశ్న వేసింది. “అందరూ సీతారామారావు ఎందుకు కూలిపోయాడనే అడుగుతారు. ఆ ఇంట్లోనే ఉండి, దెబ్బలు కూడా తిని, ఇందిర ఎందుకు కూలిపోలేదని ఎవరూ అడగరేం?” అంది.

నా దగ్గర దీనికి సిద్ధంగా జవాబు లేదు. ఇందిర ఓర్పుకు ఆశావాదం అని పేరు పెట్టి పొగడటం నాకు ఇష్టం లేదు. దెబ్బలు ఓర్చుకోవడం ఏ ఆడపిల్లకూ పాఠం కాకూడదు. కూతురిని పెంచుతూ, ఇంట్లో పొయ్యి ఆరకుండా చూస్తూ ఆవిడ తన కష్టానికి తనకు ఏ కారణం చెప్పుకుందో తెలుసుకోవాలని మాత్రం ఉంది. మొగుడిలా ‘అందరూ, ఎప్పుడూ’ అనుకుందా? మా మామయ్యలా ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని నిలబడిందా? భర్త ఆలోచనను అంత లోతుగా తవ్విన నవల ఆవిడ ఆలోచన దగ్గరికి అంతగా వెళ్ళలేదు. ఇందిర వైపు నుంచి ఆ కథను ఎవరైనా మళ్ళీ రాస్తే, ముగింపు ఎంత చీకటిగా ఉన్నా సరే, నా పదో తరగతి పిల్లలకు ముందు అదే చదివి వినిపిస్తాను.